అడవి బాతుల వేటకని చెప్పాడు

కెనడాలోని రెజైనా నగరం తూర్పు చివర, గేలాలూ టెంట్లూ అమ్మే ఒక పెద్ద షాపులో వెనక గోడకి తుపాకులు వరసగా నిలబెట్టి ఉంటాయి. జ్ఞానశేఖర్ ఆ కౌంటర్ దగ్గరికి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ పక్కనున్న చలికోట్లు చూస్తున్నట్టు నటించి వెళ్ళిపోయాడు. ఆ రోజు మాత్రం వెళ్ళలేదు. ఏప్రిల్ నెల, శనివారం మధ్యాహ్నం.

కౌంటర్ వెనకున్నాయన నెరిసిన గడ్డం మనిషి. "ఏం చూపించమంటారు సార్?" అన్నాడు.

"పంప్ షాట్‌గన్. పొట్టి గొట్టంది."

ఆయన వెనక్కి తిరిగి ఒకదాని మీద చెయ్యి వేశాడు. "దేనికి?"

"ఇంటికి. హోమ్ డిఫెన్స్‌కి."

ఆయన చెయ్యి వెనక్కి వచ్చేసింది. గొంతు తగ్గించి, "ఆ మాట ఇక్కడ అనకండి సార్. ఈ దేశంలో తుపాకీకి ఆ కారణం చెల్లదు, ఆ పని కోసమని నేను అమ్మను. లైసెన్స్ ఉందా?" అని అడిగాడు.

"లేదు."

"అయితే ముందు సేఫ్టీ కోర్సు చెయ్యండి. అప్లై చెయ్యండి. ఎందుకు కావాలో నింపాదిగా ఆలోచించుకుని రండి."

పక్కన తూటాల డబ్బాలు కొంటున్న రైతు ఒకతను తల తిప్పి చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా జ్ఞానశేఖర్ చెవులు వేడెక్కాయి. థాంక్స్ చెప్పి బయటికొచ్చి, కార్లో చాలాసేపు స్టార్ట్ చేయకుండా కూర్చున్నాడు.

అతనికి యాభై రెండేళ్ళు. ఊరు చీరాల. ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ రోడ్ల శాఖలో బ్రిడ్జి ఇంజినీరు. పదహారేళ్ళుగా రెజైనాలోనే ఉంటున్నాడు. భార్య జయమణి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. కూతురు షెర్లీ సస్కటూన్‌లో చదువుతోంది. ఆదివారాలు ఒక స్కూలు హాల్లో జరిగే తెలుగు క్రైస్తవ సహవాసంలో అతను పెద్ద. ప్రార్థన నడిపిస్తాడు, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇళ్ళు చూసిపెడతాడు. పిరికివాడని అతన్ని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన సందర్భం మార్చి దాకా రాలేదు, అంతే.

మార్చిలో ఒక గురువారం, జ్వరమొచ్చి ఆఫీసుకి సెలవు పెట్టి మేడ మీద పడుకున్నాడు. మధ్యాహ్నం మూడవుతుండగా కింద పక్కతలుపు అద్దం పగిలిన చప్పుడయింది. లేచి మెట్ల దాకా వచ్చాడు. వంటింట్లో ఒకడు అటు తిరిగి సొరుగులు లాగుతున్నాడు. ఎత్తు మనిషి. చేతిలో చిన్న ఇనపకడ్డీ. జ్ఞానశేఖర్ అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి నడిచి, బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఫోను మంచం మీదే ఉండిపోయింది.

అంతవరకైతే ఎవరైనా చేసేదే. పోలీసులైనా దాక్కోమనే చెబుతారు. కానీ ఆ బాత్రూం కిటికీ ఇంటి ముందు డ్రైవ్‌వే వైపుకి ఉంది. రెండు నిమిషాల తరవాత ఆ కిటికీలోంచి అతనికి జయమణి కారు కనిపించింది. డ్యూటీ దిగి వస్తోంది. కారు ఆగింది. గ్యారేజీ తలుపు మూలుగుతూ పైకి లేచింది. కిటికీ మీద కొట్టొచ్చు. తెరిచి అరవొచ్చు. చెయ్యి కిటికీ పిడి మీదకి వెళ్ళింది కూడా. అరిస్తే వాడు పైకి వస్తాడు. ఆ ఒక్క ఆలోచన వచ్చింది. చెయ్యి కిందికి దించేశాడు.

ఆమె లోపలికి వచ్చిన చప్పుడు విన్నాడు. "ఎవరు నువ్వు?" అని ఇంగ్లీషులో అడగడం విన్నాడు. తరవాత "ఏవండీ" అని పిలిచింది. మళ్ళీ "ఏవండీ" అని పిలిచింది, ఈసారి గట్టిగా. ఏదో పడింది. ఆమే పడింది. బూట్లు పరిగెత్తిన చప్పుడు, తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడు.

అప్పుడు గడియ తీశాడు. మెట్లు దిగి, నేల మీద చెయ్యి పట్టుకుని కూర్చున్న భార్యని దాటుకుని, వట్టి కాళ్ళతో మంచులోకి పరిగెత్తి, ఖాళీ వీధిలో "ఆగు! ఆగు!" అని అరిచాడు. ఎదురింటి ముసలాయన అది చూశాడు. పోలీసులొచ్చినప్పుడు ఆయనే చెప్పాడు, ఈయన వట్టి కాళ్ళతో వాణ్ణి తరిమాడని. జ్ఞానశేఖర్ కాదనలేదు. జయమణి కుడి మణికట్టు విరిగింది. వాడు ఆమెని తోసుకుని పారిపోయాడు. తరవాత దొరకనూ లేదు.

ఆదివారం సహవాసంలో పాస్టర్ డేవిడ్‌సన్ గారు సాక్ష్యం చెప్పమన్నారు. జ్ఞానశేఖర్ లేచి, దేవుడు తనకి ధైర్యమిచ్చాడని చెప్పాడు. జనం స్తోత్రం అన్నారు. రెండో వరసలో జయమణి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. షెర్లీ తన ఫ్రెండ్స్ అందరికీ చెప్పుకుంది, "మై డాడ్ చేజ్డ్ హిమ్ డౌన్ ద స్ట్రీట్" అని.

జయమణికి ఏం తెలుసో, ఏం తెలియదో అతనికి అర్థం కాలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఆమె అడగని ప్రతిరోజూ అతను బేస్‌మెంట్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తుపాకుల వీడియోలు చూశాడు. ఒక వీడియోలో అమెరికా మనిషి ఒకడు పంప్ తుపాకీ పిడిని వెనక్కీ ముందుకీ లాగాడు. చక్, చక్. ఈ చప్పుడు వింటే చాలు, ఎంతటి దొంగైనా పారిపోతాడని చెప్పాడు. ఆ చప్పుడు జ్ఞానశేఖర్ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఆ రోజు బాత్రూంలో తన చేతిలో అది ఉండుంటే గడియ తీసుండేవాణ్ణని అతనికి అనిపించేది. అలా అనిపించినంతసేపూ ఊపిరి ఆడేది.

అందుకే షాపాయన మాట విని ఊరుకోలేదు. ఒక వీకెండ్ కోర్సు చేసి పాసయ్యాడు. అప్లికేషన్‌లో హామీకి ఇద్దరి పేర్లు కావాలి. ఆఫీసులో దీపక్ ఏమీ అడక్కుండా ఒప్పుకున్నాడు. రెండో మనిషి సుబ్బరాజు గారు.

సుబ్బరాజు గారికి డెబ్బై ఎనిమిది. యూనివర్సిటీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. భీమవరం దగ్గరి ఊరు. కుర్రతనంలో కొల్లేట్లో దోనె మీద తిరుగుతూ బాతుల్ని కొట్టిన మనిషి. ఇక్కడికొచ్చాక నలభై ఏళ్ళుగా ప్రతి శరదృతువులో అడవి బాతుల వేటకి వెళుతున్నారు.

"తుపాకీయా? నీకెందుకు శేఖరూ?" అన్నారు.

"వేటకండి. బాతుల వేటకి," అన్నాడు జ్ఞానశేఖర్. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "నిజంగానా? ఇన్నేళ్ళలో మన తెలుగువాళ్ళలో ఒక్కడు నాతో రాలేదయ్యా. తిందురుగాని రండంటే అందరూ వస్తారు. తెల్లారగట్ట లేచి పొలంలో పడుకుందాం రండంటే ఒక్కడూ ఉండడు. పద, నేను చూపిస్తా. కొనేది లైసెన్స్ వచ్చాకే, చూసుకోడానికేముంది."

ఆయన తీసుకెళ్ళింది ఆ షాపుకే. కౌంటర్ వెనక ఆ గడ్డం మనిషే ఉన్నాడు. సుబ్బరాజు గారిని పేరు పెట్టి పలకరించి, జ్ఞానశేఖర్ వైపు ఒక క్షణం చూసి, "ఈయనకేనా? దేనికి సార్?" అని అడిగాడు.

"గీస్. అడవి బాతులకి," అన్నాడు జ్ఞానశేఖర్.

"అలాగా," అన్నాడాయన. ఇంకేమైనా అనుంటే తేలిగ్గా ఉండేది.

సుబ్బరాజు గారు ఒక పంప్ తుపాకీ తీయించి, లోపల ఖాళీయో కాదో చూసి, భుజానికి ఆనే దాని చెక్క చివరని జ్ఞానశేఖర్ మోచేతి వంపులో ఆనించారు. వేలు ట్రిగ్గర్ దాకా అందుతోందో లేదో దర్జీ కొలత తీసినంత శ్రద్ధగా చూశారు. "నీ చెయ్యి పొడుగే. సరిపోయింది. ట్వెల్వ్ గేజ్ తీసుకో, లావు తూటాది. భుజం మీద తంతుంది గానీ, పెద్ద పక్షికి అదే సరి. గొట్టం ఇరవై ఎనిమిది అంగుళాలు."

జ్ఞానశేఖర్ కళ్ళు మాత్రం పక్కనున్న పొట్టి దాని మీదే ఉన్నాయి. తెలియకుండానే చెయ్యి కూడా అటే వెళ్ళింది. "ఇది బాగుండదాండి? తేలిగ్గా ఉంటుందేమో."

"అదా? పొట్టి గొట్టంతో ఎగిరే పక్షిని ఏం కొడతావు? పొడుగుదైతే పక్షి వెంట నిలకడగా తిరుగుతుంది. ఆ పొట్టిది ఇంట్లో గదుల మధ్య తిరగడానికైతే పనికొస్తుంది." ఆయన నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదు. షాపాయన గుడ్డతో కౌంటర్ అద్దం తుడుచుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

జ్ఞానశేఖర్ పొడుగుదే బాగుందన్నాడు. దాన్ని పక్కన పెట్టమని, లైసెన్స్ రాగానే వస్తామని సుబ్బరాజు గారు షాపాయనకి చెప్పారు. తిరిగి వస్తూ దారంతా సెప్టెంబర్ గురించే మాట్లాడారు. ఏ పొలంలో దిగుతాయో, రైతుని ముందుగా ఎలా అడగాలో, జ్ఞానశేఖర్‌కి ఏ సైజు బూట్లు కావాలో. అతను అన్నిటికీ తల ఊపాడు.

అప్లికేషన్‌లో భార్య సంతకం కూడా ఉండాలి. జయమణి కట్టు విప్పి అప్పటికి రెండు వారాలయింది. పెన్ను గట్టిగా పట్టుకోలేకపోతోంది. వంకరటింకరగా సంతకం పెడుతూ, "వేటకా?" అంది.

"ఊఁ."

"మీరు కోడిని కొయ్యడం కూడా చూడలేరు కదండీ," అంది. ఎగతాళిగా అనలేదు. కాగితం అతని వైపు తోసి లేచి వెళ్ళిపోయింది.

జూన్ నెలాఖర్లో లైసెన్సుల ఆఫీసర్ ముందు అతనికి ఫోన్ చేశాడు. దేనికని అడిగితే వేటకన్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి, మీ భార్యతో కూడా ఒకసారి మాట్లాడాలి, మామూలుగా అడిగేవే అన్నాడు. ఆ మాట జ్ఞానశేఖర్ జయమణికి చెప్పాడు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు.

రెండు రోజుల తరవాత, సాయంత్రం అతను పెరట్లో గడ్డి కోసి గ్యారేజీలోంచి లోపలికి వస్తుంటే వంటింట్లో మగ గొంతు వినిపించింది. జయమణి ఫోను గట్టు మీద పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, ఎడం చేత్తో చిక్కుడుకాయలు తుంచుతూ మాట్లాడుతోంది. అతను తలుపవతలే ఆగిపోయాడు.

"ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా మేడమ్? మీకు భయమేమైనా?"

"లేదు సర్. ఇరవై నాలుగేళ్ళలో నా మీద గొంతు కూడా పెంచలేదు."

"ఆయన దగ్గర తుపాకీ ఉండటం మీద మీకు అభ్యంతరమేమైనా ఉందా?"

చిక్కుడుకాయ విరిగిన చప్పుడు వినిపించింది.

"ఆయన వేటకి అని చెప్పి ఉంటారు. వేటకి కాదు సర్," అంది. "మార్చిలో మా ఇంట్లోకి ఒకడు వచ్చాడు. ఆ టైములో మా ఆయన మేడ మీద బాత్రూంలో ఉన్నారు. బయటికి రాలేకపోయారు. వాడు వెళ్ళిపోయాకే వచ్చారు. అప్పట్నించీ ఆయన నా మొహం చూడలేకపోతున్నారు. తుపాకీ ఉండుంటే వచ్చేవాణ్ణని అనుకుంటున్నారు."

"వచ్చేవారా?"

"నాకు తెలీదు. ఆయనకీ తెలీదు."

"అప్లికేషన్ ఆపమంటారా?"

"ఆయన చెడ్డవారు కాదు సర్. మీరు ఆయన్నే మళ్ళీ అడగండి. నిజం చెప్పమనండి."

గ్యారేజీలోకి తిరిగి వెళ్ళిపోదామనిపించింది జ్ఞానశేఖర్‌కి. గడ్డి కోసే మిషన్ పక్కన, పెయింట్ డబ్బాల మధ్య, ఎక్కడైనా. కానీ వెళ్ళలేదు. ఫోన్ పెట్టేశాక జయమణి తల తిప్పకుండానే, "లోపలికి రండి. మీరక్కడున్నారని తెలుసు. గడ్డి వాసన వస్తోంది," అంది.

వచ్చి గట్టు పక్కన నిలబడ్డాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"ఆ రోజే. వాడు వెళ్ళాక పైన గడియ తీసిన చప్పుడయింది."

"మరి ఎందుకు అడగలేదు జయా?"

"ఏమని అడగను?" అంది. చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపింది. "మీరు కిందికి రాలేదని నాకు కోపం లేదండీ. వచ్చుంటే ఆ కడ్డీతో కొట్టేవాడు. నేను పిలిచాను. రెండుసార్లు పిలిచాను. మీకు జ్వరమని తెలుసు, ఇంట్లోనే ఉన్నారని తెలుసు. పిలిస్తే పలకలేదు. వాడు మిమ్మల్ని చంపేశాడనుకున్నాను."

అతను ఆమె కుడి మణికట్టు వైపు చూశాడు.

"చెయ్యి విరిగిందని కూడా నాకు తెలీలేదు. పైన మీరెలా పడున్నారో అని మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. షెర్లీకి ఎలా చెప్పాలా అని కూడా అనుకున్నాను. గడియ చప్పుడు విన్నాక ప్రాణం లేచొచ్చింది. మీరు దిగి వచ్చారు. నన్ను దాటుకుని వెళ్ళిపోయారు."

మూడు నెలలుగా జ్ఞానశేఖర్ ఆ మధ్యాహ్నాన్ని వందసార్లు తిరగేసుకున్నాడు. ప్రతిసారీ తను ఏం చేశాడు, ఏం చేసుండాల్సింది అనే. ఆ నేల మీద కూర్చుని ఆమె ఏమనుకుంటోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గంటే ఇన్నాళ్ళూ తను పడ్డదే అనుకున్నాడు. కాదని ఇప్పుడు తెలిసింది. నేల మీదే కూర్చుండిపోయాడు. గట్టు దగ్గర, అచ్చం ఆమె పడ్డ చోటే. ఆమె లేపలేదు. కాసేపటికి స్టవ్ వెలిగించింది.

"నీ కారు రావడం కిటికీలోంచి చూశాను," అన్నాడు. అది ఆమెకి తెలియని సంగతి. దాచుకోవచ్చు. దాచుకోలేకపోయాడు. "అరవొచ్చు. అరిస్తే వాడు పైకొస్తాడని అరవలేదు."

జయమణి వీపు అతని వైపు ఉంది. చేతిలో గరిటె ఆగింది. "సరే," అంది. ఆ రాత్రి ఆమె షెర్లీ గదిలో పడుకుంది. మర్నాడూ, ఆ తరవాత వారమంతా కూడా.

పొద్దున్నే అతను ఆఫీసర్‌కి ఫోన్ చేసి అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. అవతలి మనిషి, "చెప్పినందుకు థాంక్స్," అని పెట్టేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సుబ్బరాజు గారి దగ్గర మాత్రం అలా తేలలేదు. ఆయన వరండాలో కూర్చుని అంతా విన్నారు. దొంగ సంగతికి, బాత్రూం సంగతికి ఏమీ అనలేదు. "నీకు తెలుసా, నా పేరు నువ్వు అడ్డం పెట్టుకున్నావు," అన్నారు. "నలభై ఏళ్ళు. ఒక్క తూటా లెక్క తేడా రానివ్వలేదు నేను. రేపు నువ్వు భయంతో ఆ తుపాకీ ఎవరి మీద పేల్చినా, వీడు మంచివాడని చెప్పింది నేనవుతాను కదయ్యా."

"తప్పయిందండి."

"తప్పే. పోనీ నిజం చెప్పి అడిగినా కూచోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పేవాణ్ణి." ఆయన లేచారు. ఆ లేవడంలో పెద్దవయసు కనిపించింది. "బాతుల వేటకి ఒకడు తోడొస్తున్నాడని మా ఆవిడకి చెప్పుకున్నాను," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ సెప్టెంబర్‌లో ఆయన ఒంటరిగానే వెళ్ళారని తరవాత తెలిసింది. జ్ఞానశేఖర్‌కి కబురు రాలేదు.

జూలై రెండో ఆదివారం అతను సహవాసంలో లేచి నిలబడి, మార్చిలో చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పాడు. నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు. ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి గబగబా బయటికి తీసుకుపోయింది. డేవిడ్‌సన్ గారు ప్రార్థన చేశారు గానీ అందులో జ్ఞానశేఖర్ పేరు ఎత్తలేదు. భోజనాల దగ్గర ఒకరిద్దరు భుజం తట్టారు. సహవాసంలో అందరికీ వడ్డించే ఏనీ ఆంటీ అతనికి కూర వడ్డిస్తూ జయమణి వైపు జాలిగా చూసింది. ఆ చూపు జయమణికి నచ్చలేదు. తిరిగి వస్తూ కార్లో ఆ సంగతే చెప్పింది. "మీరు చెప్పడం మీ బరువు దించుకోడానికి. బాగానే ఉంది. ఇప్పుడు వాళ్ళందరూ నన్ను చూస్తారు. ముందు నన్ను అడగాల్సింది."

నిజమే. అడగాలని అతనికి తట్టలేదు. క్షమించమన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఇక షెర్లీ మిగిలింది. ఈసారి జయమణిని అడిగాడు. "చెప్పండి. ఫోన్లో కాదు," అంది. ఆగస్టులో లాంగ్ వీకెండ్‌కి పిల్ల ఇంటికొచ్చింది. శనివారం మధ్యాహ్నం హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు, కిటికీ సంగతితో సహా. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే పిల్ల చేతిలో ఫోను బోర్లించి విన్నది.

"సో యు నెవర్ చేజ్డ్ హిమ్," అంది చివరికి.

"లేదమ్మా. వాడు వెళ్ళిపోయాక పరిగెత్తాను."

"ఐ టోల్డ్ ఎవ్రీవన్, డాడ్."

"తెలుసు."

కళ్ళు తుడుచుకుని లేచి వంటింట్లోకి, అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ తగ్గు గొంతుతో మాట్లాడుకోవడం వినిపిస్తోంది. షెర్లీ ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది, జయమణి తెలుగులో చెబుతోంది. తన గురించే. మాటలు అందడం లేదు.

కారు తాళాలు బల్ల మీదే ఉన్నాయి. పాలు తేవాలన్న నెపం కూడా ఉంది. జ్ఞానశేఖర్ తాళాల వైపు చూశాడు. తరవాత లేచి వంటింట్లోకి నడిచాడు. అతన్ని చూడగానే ఇద్దరూ మాటలాపేశారు. పిల్ల మొహం ఇంకా తడిగానే ఉంది. ఎవరూ కూర్చోమనలేదు. అతనే ఒక కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చుని, "ఆపకండి. నేను వింటాను," అన్నాడు.